పుట్టిన రోజే ఆవులను దొంగిలించిన దేవుడు: గ్రీకుల స్తుతిగీతాల గురించి పిల్లలకు

(వేసవి సెలవుల్లో ఒక గ్రంథాలయంలో పిల్లల కోసం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పిల్లలూ, ముందుకు జరిగి కూర్చోండి. కిటికీ దగ్గర ఉన్నవాళ్ళు కూడా రండి, చాప మీద ఇంకా చోటుంది. పెద్దలు కుర్చీల్లోనే ఉండవచ్చు. ఈ రోజు నా మాటలన్నీ పిల్లలతోనే.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. దేవుడి ఎదుట నిలబడి ఆయన కోసం ఒక పాట పాడాలి అనుకోండి. అందులో ఏమి చెబుతారు? మంచి మార్కులు రావాలని. సరే. ఇంకా? అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గాలని. చాలా మంచి కోరిక. ఇంకా? సైకిలు కావాలని. బాగుంది. అన్నీ అడగడమేనా? ఇవ్వడం లేదా? పువ్వులు ఇస్తాం, కొబ్బరికాయ కొడతాం అంటున్నారు. అవును. మరి పాటనే కానుకగా ఇవ్వవచ్చా?

సుమారు 2,600 ఏళ్ళ క్రితం గ్రీసు దేశంలో గాయకులు అదే చేశారు. పాటనే కానుకగా ఇచ్చారు. ఎలాంటి పాట? దేవుడికి ఆయన కథనే వినిపించే పాట. నువ్వు ఎక్కడ పుట్టావు, మీ అమ్మ ఎవరు, చిన్నప్పుడు ఏమి అల్లరి చేశావు, ఈ లోకంలో నీ పని నీకు ఎలా దక్కింది, ఇవన్నీ ఆయనకే చెప్పడం. తన కథ వింటే ఎవరికైనా సంతోషమే కదా? దేవుడికీ అంతే అని వాళ్ళ నమ్మకం. ఆయన సంతోషిస్తే మనకూ మంచి జరుగుతుంది. కోరిక ఉంటుంది, లేకుండా ఉండదు. కానీ అది చివర ఒకటి రెండు మాటల్లో వస్తుంది. పాట పెద్దది, కోరిక చిన్నది. నాకు ఈ పాటలంటే ఇంత ఇష్టం కలగడానికి మొదటి కారణం అదే.

వీటిలో బాగా పేరున్నవి హోమర్ స్తోత్రాలు. మొత్తం 33. హోమర్ అంటే యుద్ధాల మహాకావ్యాలు పాడిన గుడ్డి కవి అని గ్రీకులు చెప్పుకొనేవారు. ఈ స్తోత్రాలు కూడా ఆయనవే అని పూర్వం అనుకున్నారు. ఇప్పుడు చదివినవాళ్ళు అలా అనుకోవడం లేదు. వేరువేరు కాలాల్లో, వేరువేరు ఊళ్ళలో, పేర్లు మిగలని గాయకులు కట్టిన పాటలివి. కొన్ని చాలా చిన్నవి. ఒకటైతే మూడంటే మూడే పంక్తులు! పెద్దదానిలో 580 పంక్తులు ఉన్నాయి. ఆ పెద్దది ఎవరి గురించో తెలుసా? దేవతల రాజు జ్యూస్ గురించి కాదు. ఆయనకు దక్కింది నాలుగు పంక్తులే. 580 పంక్తుల పాట ఒక్క రోజు పిల్లాడి గురించి. వాడి పేరు హెర్మెస్.

చిన్నవాడు కాబట్టి వాడు, వీడు అంటున్నాను. ఏమీ అనుకోడు.

హెర్మెస్ వాళ్ళ అమ్మ మైయా. ఆర్కేడియా అనే కొండల సీమలో కిల్లీనీ అనే పర్వతం మీద ఒక గుహలో ఉండేది. నాన్న జ్యూస్. పాటలో మొదట్లోనే గాయకుడు ఒక లెక్క చెబుతాడు. తెల్లవారుజామున పుట్టాడు, మధ్యాహ్నానికి వాద్యం వాయించాడు, సాయంత్రానికి అపోలో ఆవులను దొంగిలించాడు. ఒక్క రోజులో! మీలో ఎవరైనా పుట్టిన రోజు ఏమి చేశారు? నిద్రపోయారు. పాలు తాగారు. ఏడ్చారు. వీడు చూడండి.

గుహ గుమ్మం దాటగానే ఒక తాబేలు కనిపించింది. మెల్లగా ఊగుతూ గడ్డి మేస్తోంది. హెర్మెస్ పకపక నవ్వాడు. "ఎంత మంచి శకునం! రా, లోపలికి రా, ఇంట్లో ఉండటమే మేలు, బయట అపాయం" అని మాటలు చెప్పి రెండు చేతులతో ఎత్తుకొని లోపలికి తెచ్చాడు. తరువాత జరిగింది తాబేలుకు మంచిది కాదు, నేను దాచను. దాన్ని చంపి, లోపలిది తీసేసి, చిప్పకు రంధ్రాలు పెట్టి రెల్లు కాడలు కొలిచి కోసి బిగించాడు. పైన ఎద్దు తోలు కప్పాడు. రెండు కొమ్ములు నిలబెట్టి, మధ్యలో అడ్డకర్ర వేసి, గొర్రె పేగులతో చేసిన ఏడు తీగలు లాగి కట్టాడు. లైర్ అనే వాద్యం అలా పుట్టిందట. గాయకుడు ఎంత వివరంగా చెబుతాడంటే, విన్నవాడు ఇంటికి వెళ్ళి తానే ఒకటి తయారు చేసుకోవచ్చు. ఎందుకంత వివరం? పాడేటప్పుడు అదే వాద్యం ఆ గాయకుడి చేతిలో ఉండి ఉంటుంది కదా! "ఇదిగో, ఇది నువ్వు చేసిందే" అని దేవుడికి చూపిస్తున్నాడన్నమాట.

తీగలు సరిచూసుకొని హెర్మెస్ మొదట ఏ పాట పాడాడు? ఊహించండి. జోలపాట? కాదు. ఆవుల పాట? అదీ కాదు. వాళ్ళ అమ్మ గురించి, నాన్న గురించి, తాను పుట్టిన వైనం గురించి పాడాడు. అంటే తన మీద తానే ఒక స్తోత్రం పాడుకున్నాడు! ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

పాడుతూనే ఉన్నాడు, మనసు మాత్రం ఆవుల మీద ఉంది. పొద్దు గుంకగానే పియేరియా కొండలకు పరుగెత్తాడు. అక్కడ దేవతల మందలు మేస్తుంటాయి. అందులో అపోలో ఆవులను 50 విడదీశాడు. అపోలో అంటే ఇతడికి అన్న, తల్లులు వేరు, తండ్రి ఒక్కడే. ఆవులను మామూలుగా తోలితే అడుగుల జాడ పట్టేస్తారు. అందుకని వెనక్కి నడిపించాడు. ఇసుకలో చూసేవాళ్ళకు ఆవులు వస్తున్నట్టు ఉంటుంది, నిజానికి వెళ్ళిపోతున్నాయి. మరి తన అడుగులో? ఆకులు ఉన్నవి ఉన్నట్టే పచ్చి కొమ్మలు అల్లి చెప్పులు చేసుకున్నాడు. మరునాడు అపోలో ఆ జాడ చూసి బిత్తరపోయాడు. "ఇవి మగవాడివి కావు, ఆడదానివి కావు, తోడేలువి కావు, ఎలుగుబంటివి కావు, సింహానివి కావు. ఏ జంతువు ఇలా నడుస్తుంది?"

దారిలో ద్రాక్షతోట దగ్గర ఒక ముసలాయన చూశాడు. హెర్మెస్ ఆయనతో, "తాతా, చూసినా చూడనట్టు ఉండు, విన్నా విననట్టు ఉండు" అన్నాడు. తాత మరునాడు అపోలో అడిగితే చెప్పేశాడు. ఒక పసివాడు ఆవులను వెనక్కి తోలుకుపోయాడు, కచ్చితంగా చెప్పలేను కానీ చూసినట్టే ఉంది అన్నాడు.

రాత్రి నది ఒడ్డున హెర్మెస్ కర్రలు రాపాడించి నిప్పు పుట్టించాడు. రెండు ఆవులను కోసి, మాంసం కాల్చి, దేవతలకు 12 వాటాలు వేశాడు. గ్రీకుల యజ్ఞం అలాగే ఉండేది, మనకు వినడానికి కష్టంగా ఉన్నా వాళ్ళ పద్ధతి అది. వాసనకు నోరూరింది. అయినా తాను ఒక్క ముక్క ముట్టలేదు. దేవుళ్ళు అలా తినరు కదా! తరువాత ఇంటికి వచ్చి, పొగమంచులాగా తాళం కన్నంలోంచి లోపలికి దూరి, తన బుట్టలో పడుకున్నాడు. ఆ బుట్ట ఏమిటో తెలుసా? ధాన్యం తూర్పారబట్టే పెద్ద చేట. గ్రీకులు పసిబిడ్డలను అందులో పడుకోబెట్టేవారు. దుప్పటి భుజాల దాకా లాక్కున్నాడు. ఎడమచేతి కింద మాత్రం లైర్ పెట్టుకొనే ఉన్నాడు.

అమ్మను మోసం చేయగలడా? మైయా తిట్టింది. అప్పుడు వాడు ఇచ్చిన జవాబు ఈ పాటలో కీలకం. "అమ్మా, మనమెందుకు ఈ గుహలో ఏ కానుకా లేకుండా, ఏ ప్రార్థనా లేకుండా పడి ఉండాలి? అపోలోకు దక్కే గౌరవం నాకూ దక్కాలి. నాన్న ఇవ్వకపోతే నేనే సంపాదించుకుంటాను."

ఏమిటి బాబూ? గట్టిగా చెప్పు. కృష్ణుడిలా ఉన్నాడు అంటున్నాడు. నిజమే, వెన్నదొంగ గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు! అయితే ఒక తేడా చూడు. కృష్ణుడికి గోకులమంతా తనదే, అందరూ ముద్దు చేసేవారే. హెర్మెస్‌కు ఏమీ లేదు. లోకంలోని పనులన్నీ పెద్ద దేవతలు అప్పటికే పంచేసుకున్నారు. ఆలస్యంగా పుట్టినవాడికి ఏమి మిగిలింది? ఆ బాధ వాడిది. దొంగతనం ఒప్పు అని గాయకుడు అనడం లేదు. ఎవరికీ కనిపించని పిల్లవాడు "నేనూ ఉన్నాను" అని చెప్పుకోవడం అది.

తెల్లవారి అపోలో వచ్చాడు, మండిపడుతూ. "నా ఆవులు ఎక్కడ? చెప్పకపోతే పాతాళంలోకి విసిరేస్తాను." హెర్మెస్ ముడుచుకుపోయి, నిద్ర కళ్ళతో అన్నాడు: "నేను ఆవులను తోలేవాడిలా ఉన్నానా? నాకు కావలసింది నిద్ర, అమ్మ పాలు, వెచ్చని నీళ్ళు. నిన్ననే పుట్టాను. కాళ్ళు మెత్తగా ఉన్నాయి, నేల గట్టిగా ఉంది. అసలు ఆవులంటే ఏమిటో కూడా నాకు తెలియదు, పేరు మాత్రం విన్నాను."

అపోలో వాణ్ణి ఎత్తి చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు ఆ పిల్లాడు ఏమి చేశాడో పాటలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కడుపులోంచి ఒక శబ్దం విడిచాడు. వెంటనే తుమ్మాడు. అపోలో గబుక్కున కింద పడేశాడు! నవ్వండి, బాగా నవ్వండి. నవ్వించాలనే ఆ గాయకుడు పెట్టాడు. దేవుడికి కానుకగా ఇచ్చే పాటలో ఇది ఉంది. భక్తి ఉన్నచోట నవ్వు ఉండకూడదని గ్రీకులు అనుకోలేదు.

తగవు జ్యూస్ దగ్గరకు వెళ్ళింది. అక్కడా హెర్మెస్ అదే చెప్పాడు, మధ్యలో కన్ను గీటుతూ. జ్యూస్ పగలబడి నవ్వాడు. ఇద్దరూ వెళ్ళి ఆవులను వెతికి తెచ్చుకోండి అన్నాడు. దొరికాయి. అపోలోకు కోపం మాత్రం తగ్గలేదు. అప్పుడు హెర్మెస్ లైర్ తీశాడు. ఏమి పాడాడు? దేవతల గురించి పాడాడు. ఒక్కొక్కరూ ఎలా పుట్టారో, ఎవరికి ఏ వాటా ఎలా దక్కిందో, పెద్దవాళ్ళతో మొదలుపెట్టి వరుసగా పాడాడు. అపోలో కోపం కరిగిపోయింది. "నీ ఈ విద్య 50 ఆవులకు సరిపోతుంది" అన్నాడు.

విన్నారా? యాభై ఆవులకు ఒక పాట సరి! ఇప్పుడు మొదట గుర్తు పెట్టుకోమన్నది తీయండి. హెర్మెస్ పాడింది ఏమిటి? స్తోత్రమే. మనం వింటున్నదీ స్తోత్రమే. స్తోత్రం అంటే ఏమిటో, అది ఏమి చేయగలదో ఈ పాట మనకు వేరే పాఠం చెప్పదు, కథలోనే చేసి చూపిస్తుంది. హెర్మెస్ లైర్‌ను అన్నకు ఇచ్చేశాడు. అన్న తమ్ముడికి కొరడా ఇచ్చి మందలను అప్పగించాడు. హెర్మెస్ దేవతల వార్తాహరుడు అయ్యాడు, బాటసారులకు, వర్తకులకు దేవుడయ్యాడు.

ఇప్పుడు అపోలో పుట్టుక. ఇది తొందరగా చెబుతాను, తరువాత డిమీటర్ అనే దేవత కథ దగ్గర ఆగాలి.

అపోలో తల్లి లెటో. ఆమెకు పురిటి సమయం వచ్చింది. జ్యూస్ భార్య హీరా కోపానికి భయపడి ఏ సీమా, ఏ దీవీ చోటివ్వలేదు. చివరకు డెలోస్ అనే రాతి దీవిని అడిగింది. ఇప్పటికీ ఉంది ఆ దీవి, మూడున్నర చదరపు కిలోమీటర్లకు మించదు. పంట పండదు. డెలోస్ మాట్లాడింది. పాటల్లో దీవులు మాట్లాడతాయి. "నాకూ ఇష్టమే. కానీ ఒక భయం. పుట్టబోయే దేవుడు చాలా గర్వి అంటున్నారు. ఈ రాళ్ళను చూసి ఛీ అని కాలితో సముద్రంలోకి తోసేస్తే? అప్పుడు నా మీద ఆక్టోపస్‌లు, నల్లని సీల్ జంతువులు ఇళ్ళు కట్టుకుంటాయి." ఎంత చక్కని భయం చూడండి. లెటో ఒట్టు పెట్టింది, మొదటి గుడి నీ మీదే అని.

తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు నొప్పులు. పురుడు పోసే దేవతను హీరా రానివ్వలేదు. మిగతా దేవతలు ఆ పురుటి దేవతకు కబురు పంపారు. తొమ్మిది మూరల హారం ఇస్తామని ఆశ పెట్టారు. ఆమె వచ్చింది. లెటో ఒక ఖర్జూర చెట్టును కౌగలించుకొని మెత్తని పచ్చికలో మోకాళ్ళు ఊనింది. నేల నవ్వింది, అపోలో పుట్టాడు. తెల్లని బట్టలో చుట్టి బంగారు పట్టీ కట్టారు. అమృతం నోట పెట్టారు. అంతే, పట్టీలన్నీ తెగిపోయాయి, లేచి నిలబడ్డాడు. "లైర్ నాది, విల్లు నాది, జ్యూస్ మనసులోని మాట మనుషులకు చెప్పడం నా పని" అన్నాడు.

ఆగండి. ఆ అమ్మాయి చెయ్యి ఎత్తింది. చెప్పమ్మా. "లైర్ చేసింది హెర్మెస్ కదా, అపోలో పుట్టగానే తనదని ఎలా అన్నాడు?" శభాష్! ఈ రెండు పాటలకు పొసగదు. ఎవరి దేవుడి కోసం పాడేటప్పుడు ఆ గాయకుడు ఆ దేవుడి వైపు నిలబడి చెబుతాడు. రెండూ పాడుకున్నారు, రెండూ దాచుకున్నారు. ఒకటి నిజం, రెండోది అబద్ధం అని ఎవరూ చింపేయలేదు. గ్రీకులకు అన్నీ ఒకేచోట రాసిపెట్టిన ఒక్క మతగ్రంథం లేదు. పాటలు ఉన్నాయి, పండుగలు ఉన్నాయి, గుళ్ళు ఉన్నాయి.

డెలోస్‌లో అపోలోకు పెద్ద పండుగ జరిగేది. భార్యాబిడ్డలతో ఓడల్లో వచ్చేవారట. పిడిగుద్దుల పోటీలు, నాట్యం, పాటలు. ఈ పాట మధ్యలో గాయకుడు అక్కడి అమ్మాయిల వైపు తిరిగి తన గురించి ఒక మాట అడుగుతాడు: "అమ్మాయిలూ, ఎవరైనా పరదేశి వచ్చి మీకు బాగా నచ్చిన గాయకుడు ఎవరని అడిగితే, రాళ్ళ ఖియోస్ దీవిలో ఉండే గుడ్డివాడు అని చెప్పండి." ఈ ఒక్క మాట వల్లనే హోమర్ గుడ్డివాడు అనే పేరు బాగా పాతుకుపోయింది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో థ్యూసిడిడీస్ అనే చరిత్రకారుడు ఈ పంక్తులనే ఎత్తి రాశాడు, ఇవి హోమర్‌వే అని. పండుగ ఎంత పాతదో రుజువు చేయడానికి ఆయనకు పాటే సాక్ష్యం అయింది.

సరే, డిమీటర్. ఇది కొంచెం దుఃఖం కథ. చిన్నపిల్లలు భయపడవద్దు, చివరకు తల్లీ కూతుళ్ళు కలుస్తారు. ముందే చెప్పేశాను.

డిమీటర్ పంటల తల్లి. కూతురు పెర్సెఫొనీ. ఒక రోజు స్నేహితురాళ్ళతో పచ్చికలో పువ్వులు కోస్తోంది. గులాబీలు, కుంకుమపువ్వులు, కలువజాతి పువ్వులు. ఒక నార్సిసస్ మొక్క కనబడింది. ఒకే వేరుకు నూరు పువ్వులు! ఆకాశం, నేల, ఉప్పు సముద్రం కూడా ఆ వాసనకు నవ్వాయట. రెండు చేతులూ చాచింది. నేల చీలింది. చనిపోయినవారి లోకానికి రాజు హేడిస్ బంగారు రథం మీద వచ్చి ఎత్తుకుపోయాడు. ఆ పిల్ల కేక వేసింది. కొండలు మారుమోగాయి. తల్లి విన్నది.

తొమ్మిది రోజులు డిమీటర్ రెండు చేతుల్లో కాగడాలు పట్టుకొని వెతికింది. తినలేదు, తాగలేదు, ఒంటి మీద నీళ్ళు పోసుకోలేదు. పదో రోజు సూర్యుడు చెప్పాడు, పైనుంచి అన్నీ చూసేది ఆయనే కదా. జ్యూస్ ఒప్పుకొనే ఇచ్చాడు అన్నాడు. కన్నతండ్రే! డిమీటర్ దేవతల ఊరు వదిలేసి, ముసలమ్మ వేషంలో ఎలూసిస్ అనే ఊరికి వచ్చి బావి దగ్గర ఆలివ్ చెట్టు నీడన కూర్చుంది.

ఆ ఊరి రాజు కూతుళ్ళు నలుగురు కంచు బిందెలతో నీళ్ళకు వచ్చారు. ముసలమ్మను పలకరించారు, జాలిపడ్డారు. ఇంట్లో తమ్ముడు పుట్టాడు, వాణ్ణి పెంచడానికి మనిషి కావాలి, అమ్మను అడిగి వస్తామన్నారు. వాళ్ళు తిరిగి పరుగెత్తుకు వచ్చిన తీరును గాయకుడు చెబుతాడు. వసంతంలో కడుపునిండా మేసిన దూడల్లాగా, పరికిణీలు పైకి పట్టుకొని, కుంకుమపువ్వు రంగు జుట్టు భుజాల మీద ఎగురుతుంటే. ఇంత దుఃఖం మధ్యలో ఆ పిల్లల పరుగు ఎందుకు పెట్టాడు? నాకు ఎప్పుడు చదివినా అక్కడ గొంతు పట్టేస్తుంది. కూతురు పోయిన తల్లి ఎదురుగా ఎవరి కూతుళ్ళో అలా పరుగెత్తుకు వస్తున్నారు.

ఆ ఇంట్లో డిమీటర్ మౌనంగా కూర్చుంది. ఇయాంబే అనే పనిమనిషి హాస్యాలాడి ఆమెను నవ్వించింది. దుఃఖంలో ఉన్న దేవతను నవ్వించింది ఇంకో దేవత కాదు, ఇంట్లో పనిచేసే మనిషి! ద్రాక్షసారా వద్దంది. బార్లీ, నీళ్ళు, పుదీనాలాంటి ఆకు కలిపిన పానీయం తాగింది. పసివాడు డెమొఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుంది. పగలు అమృతం పూసేది, రాత్రి ఎవరికీ తెలియకుండా పొయ్యి నిప్పుల్లో ఉంచేది. చావులేని వాడిని చేయాలని. ఒక రాత్రి తల్లి మెటనైరా చూసి కెవ్వుమంది. ఏ తల్లి అరవదు? డిమీటర్‌కు కోపం వచ్చి బిడ్డను కింద పెట్టేసింది. అక్కలు పరుగెత్తుకొచ్చి ఎత్తుకున్నారు, స్నానం చేయించారు, ముద్దు పెట్టుకున్నారు. వాడు ఊరుకోలేదు. వాడికి అలవాటైన చేతులు అవి కావు కదా.

తరువాత దేవత తన నిజరూపం చూపింది. ఊరివారు గుడి కట్టారు. ఆ గుడిలో కూర్చుని పంటను ఆపేసింది. ఎద్దులు నాగళ్ళు ఊరికే లాగాయి, బార్లీ గింజలు ఊరికే నేలపాలయ్యాయి. మనుషులు చస్తే దేవతలకు నైవేద్యం ఎవరు పెడతారు? అప్పటికి జ్యూస్ దిగివచ్చాడు. హేడిస్ దగ్గరకు ఎవరిని పంపాడో చెప్పండి? హెర్మెస్‌నే! మన ఆవుల దొంగ పెద్దవాడయ్యాడు. హేడిస్ పంపించాడు, కానీ వెళ్ళేముందు ఒక దానిమ్మ గింజ తినిపించాడు. అక్కడి తిండి తిన్నవారు అక్కడికి తిరిగి వెళ్ళాలి. అందుకని ఏడాదిలో మూడో వంతు కింద, రెండు వంతులు అమ్మ దగ్గర.

ఎలూసిస్ ఏథెన్స్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరం. ఈ తల్లీ కూతుళ్ళ పేరున అక్కడ రహస్య దీక్షలు జరిగేవి. దాదాపు వెయ్యేళ్ళు జరిగాయి. బానిసలు కూడా, ఆడవాళ్ళు కూడా దీక్ష తీసుకోవచ్చు. లోపల చూసింది బయట చెప్పకూడదు. చెప్పలేదు కూడా! వెయ్యేళ్ళు అన్ని వేల మంది నోరు కట్టుకున్నారు.

ఈ పాట మనకు దాదాపు దక్కకుండా పోయేది. ఒకే ఒక్క రాతప్రతి మిగిలింది. 1777లో మాస్కోలో మత్తాయి అనే జర్మన్ పండితుడి కంటబడింది. ఇప్పుడు అది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. మిగతా స్తోత్రాల్లో దాదాపు అన్నిటికీ చాలా ప్రతులు ఉన్నాయి. దీనికి అదొక్కటే. ఆ ఒక్కటీ ఏ చెదపురుగో తినేసి ఉంటే ఆ నలుగురు అక్కచెల్లెళ్ళ పరుగు మనకు తెలిసేది కాదు. ఈ గ్రంథాలయంలో పాత పుస్తకాన్ని చూసి ముక్కు మూసుకునే పిల్లలు ఉంటే, దయచేసి ఈ సంగతి తలచుకోండి.

గ్రంథాలయం అంటే ఇంకో మాట. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గొప్ప గ్రంథాలయం ఉండేది. అక్కడి పుస్తకాలకు 120 చుట్టల జాబితా తయారుచేసిన కల్లిమాకస్ కూడా స్తోత్రాలు రాశాడు, ఆరు. అందులో ఆర్టెమిస్ మీద ఉన్నది మీకు నచ్చుతుంది. వేట దేవత, అపోలో తోబుట్టువు. నాన్న జ్యూస్ ఒళ్ళో కూర్చుని, ఆయన గడ్డం పట్టుకోవాలని చేతులు చాస్తూ, అందక, కోరికలు చెబుతుంది. నాకు పెళ్ళి వద్దు, అన్నకంటే ఎక్కువ పేర్లు కావాలి, విల్లు కావాలి, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు 60 మంది నాతో ఆడటానికి కావాలి! మూడేళ్ళప్పుడు కొలిమి దగ్గర ఒంటికన్ను రాక్షసుడి ఒళ్ళో కూర్చుని, భయపడకుండా వాడి రొమ్ము మీది వెంట్రుకలు గుప్పెడు పీకేసింది. అక్కడ మళ్ళీ వెంట్రుక మొలవలేదట.

ఇవి చేతిరాతల్లో మిగిలినవి. రాళ్ళ మీద మిగిలినవీ ఉన్నాయి. 1904లో క్రీట్ దీవి తూర్పు కొసన పాలైకాస్ట్రో దగ్గర తవ్వితే ఒక పాట చెక్కిన రాతి ముక్కలు దొరికాయి. అందులో జ్యూస్ తెల్లగడ్డం రాజు కాదు, నవయువకుడు. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు తండ్రి క్రోనస్ మింగేస్తాడని, ఏడుపు వినబడకుండా యువకులు డాళ్ళు మోగిస్తూ చుట్టూ గంతులు వేశారని కథ. ఆ పాటలో ఆయననే గంతు వేయమంటారు. మా కుండలు నిండేలా దూకు, మా మందలు పెరిగేలా దూకు, మా పంటల కోసం దూకు, మా ఊళ్ళ కోసం, మా ఓడల కోసం, మా చిన్న పౌరుల కోసం దూకు! చిన్న పౌరులంటే మీ అన్నల వయసువాళ్ళు.

ఇక గ్రీసులో అపోలో గుడి ఉన్న డెల్ఫీలో 1893లో ఫ్రెంచివారి తవ్వకాల్లో అపోలో మీద రెండు పాటలు దొరికాయి. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటివి. ఆ రాళ్ళ మీద మాటలతో పాటు, మాటల పైన స్వరాల గుర్తులు కూడా చెక్కారు. అంటే ఏ అక్షరాన్ని ఏ స్వరంలో పాడాలో తెలుస్తుంది. 1894లో పారిస్‌లో ఒలింపిక్ ఆటలను మళ్ళీ మొదలుపెట్టాలని సభ జరిగినప్పుడు వాటిలో ఒకటి పాడి వినిపించారు. రెండువేల ఏళ్ళు మట్టిలో ఉన్న పాట!

ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. వెనక ఉన్న బాబు. "సముద్రపు దొంగల కథ ఏమైనా ఉందా?" ఉంది! డయొనైసస్ స్తోత్రం, 59 పంక్తులే. ఇంటికి వెళ్ళి మొదట చదవవలసింది అదే. ద్రాక్షల దేవుడు డయొనైసస్ ఊదారంగు పైబట్ట వేసుకొని, కుర్రవాడి రూపంలో సముద్రం ఒడ్డున నిలబడ్డాడు. దొంగలు ఓడ దిగి రాజకుమారుడు అనుకొని పట్టుకెళ్ళారు. కట్టబోతే తాళ్ళు వాటంతట అవే జారిపోయాయి. ఆ కుర్రవాడు చిరునవ్వుతో కూర్చున్నాడు. చుక్కాని పట్టేవాడు ఒక్కడే గ్రహించాడు. "ఇతడు మనిషి కాదు, వదిలేయండి" అన్నాడు. ఓడ యజమాని తిట్టి, తెరచాప ఎత్తించాడు. అంతలో ఓడంతా ద్రాక్షసారా పారింది. తెరచాప పైనుంచి ద్రాక్షతీగ గుత్తులతో వేలాడింది. దేవుడు సింహమై గర్జించాడు. దొంగలంతా సముద్రంలోకి దూకి డాల్ఫిన్లు అయిపోయారు. జర్మనీలో మ్యూనిక్ మ్యూజియంలో క్రీ.పూ. 530 ప్రాంతపు ఒక పాత్ర ఉంది, ఎక్సేకియాస్ అనే కుమ్మరి చిత్రించినది. ఓడలో డయొనైసస్ ఒక్కడే వెల్లకిలా ఆనుకొని ఉంటాడు, తెరచాప స్తంభానికి ద్రాక్షతీగ, చుట్టూ ఏడు డాల్ఫిన్లు. ఆ బొమ్మ ప్రతి అక్కడ బల్ల మీద పెట్టాను, వెళ్ళేటప్పుడు చూడండి.

చుక్కాని పట్టినవాడు ఏమయ్యాడు అంటున్నావా? వాడూ దూకబోయాడు. దేవుడు పట్టుకొని ఆపాడు. "భయపడకు, నువ్వు నాకు నచ్చావు" అన్నాడు.